అవిసాకు

తమలపాకు తోటలో అవిసని ఎవరూ చెట్టనరు.
ఆదివిష్ణు గారైతే గుంజలంటారు.
"ఈ చాలుకి ఎన్ని గుంజలు నిలిచాయిరా?"

తీగకి నీడ కావాలి,
మరీ చిక్కటి నీడైతే పనికిరాదు.
జల్లెడ పట్టినట్టు పడాలి ఎండ.
ఆ జల్లెడే అవిస.
చింతాకు లాంటి రెబ్బలు, చింతకంటే మెత్తన,
పొద్దుగూకితే జతలు జతలుగా ముడుచుకుంటాయి.

నేను ఆకు లెక్కపెట్టేవాణ్ణి.
వందకి ఒక కట్ట, అరటినార ముడి.
తల ఎప్పుడూ కిందకే.
పైన ఏం చిగురేసిందో పల్లాలమ్మకే తెలుసు.

బొటనవేలికి ఇనప గోరు తొడుక్కుని
ఆకు గిల్లుతూ గిల్లుతూనే
కొక్కెం కర్రతో కొమ్మ వంచి
చివరి రెబ్బలు రెండు ఒడిలో వేసుకునేది.
"ముదురాకు మేకది, లేతాకు మనిషిది.
ఆయ్, అంతే లెక్క."

వాళ్ళ మామకి రేచీకటి.
దీపాలేళకి గుమ్మం తడుముకునేవాడట.
అవిసాకు పసరు, అవిసాకు పప్పు,
ఏడాది పొడుగునా అదే.
"మరి చూపొచ్చిందా?" అన్నాను.
"ఎక్కడొచ్చింది?
కూర వోసన పట్టుకుని
కంచం కాడికి మాత్రం తిన్నగా వొచ్చేవోడు."

ఆదివిష్ణు గారు తినరు.
పదకొండేళ్ళుగా మోకాళ్ళకి నాటుమందు.
అవిసాకు తగిలితే మందు విరిగిపోద్దని
ఎవరో చెప్పారు, నమ్మారు.
మోకాళ్ళు నమ్మినట్టు లేవు.

అట్లతద్ది వెళ్ళిన నాలుగో రాత్రి గాలి.
కొబ్బరి వంగింది, లేచింది, మళ్ళీ వంగింది.
అవిసకి వంగడం రాదు.
పెళ పెళ పెళ, చాలు తర్వాత చాలు,
తాటాకు కప్పు కింద కూర్చుని
చీకట్లో అవి కూడా లెక్కపెట్టాను,
అరవై దాకా.

తెల్లారేసరికి తోట మోకాలెత్తు.
ఎన్నడూ చేతికందని చివళ్ళన్నీ
మన కాళ్ళ దగ్గరే.
కొడవళ్ళలాంటి తెల్లపూలు ఒండ్రులో.
ఆదివిష్ణు గారు గట్టు మీద కూర్చుని
చెప్పుకంటిన బురద పుల్లతో గీకారు,
బురదంతా పోయాక కూడా గీకారు.

ముందు మేకలొచ్చాయి.
తర్వాత పేటలోంచి మనుషులు;
అడగలేక గట్టవతలే ఆగారు.
పల్లాలమ్మే అడిగింది.
"వొడిలిపోకముందే కోసుకోమా బాబూ?"
ఆయన చెయ్యూపారు.
సరేననో, పొమ్మనో.
ఆవిడ సరేననే అనుకుంది.

ఆ సాయంత్రం కరెంటు లేని పేటంతా ఒకటే వాసన:
వెల్లుల్లి, ఎండుమిరప,
రాలిన కాయల పచ్చికొబ్బరి,
అడుగున ఎక్కడో సన్నటి చేదు.

అరటాకు కప్పిన గిన్నె నా చేత పంపింది.
ఆదివిష్ణు గారు గిన్నె చూశారు,
గూట్లో సీసా చూశారు.
సీసాని కొంచెం వెనక్కి జరిపారు.
"ఇంత చేదేటిరా ఇది," అన్నారు
మారు వడ్డించుకుంటూ.

నష్టం రాసే కుర్రాడు మూడోరోజొచ్చాడు.
తమలపాకు, ముప్ఫై ఆరు సెంట్లు.
కొబ్బరి, రెండు.
"పడున్న ఈ చెట్లేటండీ?"
"గుంజలు."
"గుంజలకి గడి లేదండి."
"కూరని రాయండి," అంది పల్లాలమ్మ.
కూరకీ లేదు.
కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని
అడ్డగీత కొట్టేశాడు.
వెళ్తూ వెళ్తూ ఒక మోపు లేతాకు
బండి హ్యాండిలుకి తగిలించుకున్నాడు.
"మా అమ్మ బాగా చేద్దండి."

ఇప్పుడు తోటలో ఎండ ముద్దలు ముద్దలుగా పడుతోంది.
నాకు లెక్కపెట్టే పని లేదు.
కాలవ మూల సగం విరిగి
ఒక్క గుంజ మిగిలింది,
ఒక్క చెట్టు.
తలెత్తి చూశాను.
పొద్దుగూకుతోంది, రెబ్బలు ముడుచుకుంటున్నాయి.

ఒక రెబ్బ అందింది.
వేలితో విప్పి చూస్తే పందొమ్మిది జతలు.
కట్ట కట్టడానికి చాలవు.
నోట్లో వేసుకున్నాను.